నలభై ఆరేళ్ళు నోట పలకని పేరు

2021వ సంవత్సరం జూలై నెల ఎనిమిదో తేదీ, గురువారం, ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలకు మా ఆయన ఈ యాంగోన్ పట్నపు తామ్వే పేటలో మేము అద్దెకుంటున్న గది గడప దాటి, ఏటి అవతల ఉన్న దలాకు వెళ్ళే ఫెర్రీ కోసం రేవుకు బయలుదేరారు. నా చీకటి ఆ గంటనే మొదలైంది. సహోదరీ సహోదరులారా, ఆ చీకటిలోనుంచి నన్ను చెయ్యిపట్టి నడిపించుకొచ్చి ఈ ఆదివారం మీ ముందు నిలబెట్టిన ప్రభువుకు స్తోత్రం చెల్లించుకుంటున్నాను. నేను చదువుకున్నదాన్ని కాను, మా ఊరి తెలుగు బడిలో మూడు తరగతులు, అంతే. కానీ తేదీలు నాకు గుర్తుంటాయి, లెక్క తప్పను, కాబట్టి జరిగినది జరిగినట్టే చెబుతాను, ఎక్కువ చెయ్యను, తక్కువ చెయ్యను.

నా పేరు గొర్లె నూకాలమ్మ. బాప్తిస్మం ఇచ్చేటప్పుడు పాస్టరయ్యగారు కొత్త పేరు పెడతానన్నారు, నేను వద్దన్నాను, పేర్లతో పడిన బాధ చాలు బాబూ అన్నాను. ఆ బాధ ఏమిటో చెప్పడానికే ఇవాళ నిలబడ్డాను.

మా పెద్దలు విశాఖపట్నంలో ఓడ ఎక్కి ఈ బర్మా దేశం వచ్చినవాళ్ళు. పెగూ అవతల తెలుగువాళ్ళు వరి పండించుకునే ఊళ్ళో నేను పుట్టాను, అక్కడే పెళ్ళయింది, అక్కడే ముసలిదాన్నయ్యాను. పొలం రెండేళ్ళు వరసగా వరదకు పోయాక, మా అమ్మాయీ అల్లుడూ థాయిలాండు సరిహద్దులో కుట్టుపనికి వెళ్ళిపోతే, వాళ్ళ ఇద్దరు ఆడపిల్లలను వెంటబెట్టుకుని మేమిద్దరం యాంగోన్ వచ్చాం. ఆ జూలైనాటికి పెద్దది చంద్రకు పదకొండేళ్ళు, చిన్నది మిమికి ఐదు. మా ఆయన దలాలో పడవలు బాగుచేసే చోట కుదిరారు. పలకల సందుల్లో నార కూరి తారు పూసేవారు, రోజూ పొద్దున ఏరు దాటి వెళ్ళి సాయంత్రం ఏరు దాటి వచ్చేవారు.

ఇక అసలు సంగతి. 1975లో, నా పదహారో ఏట మాకు పెళ్ళయింది. ఆనాటినుంచి నలభై ఆరేళ్ళపాటు నేను మా ఆయన పేరు నా నోటితో పలకలేదు. నవ్వకండి, మీ నాయనమ్మల సంగతి గుర్తు చేసుకోండి, వాళ్ళూ పలికి ఉండరు! పెనిమిటి పేరు పెళ్ళాం నోట పడితే ఆయన ఆయుష్షు తరుగుతుందని మా అత్తగారు నాకు నేర్పిన మొదటి పాఠం. మా ఆయన విషయంలో ఆవిడకు మరీ భయం, ఎందుకంటే ఆయనకు ముందు పుట్టిన ముగ్గురూ పురిట్లోనే పోయారట, అందుకని నాలుగోవాడు పుట్టగానే చేటలో పడుకోబెట్టి, మృత్యువు కూడా ఆశపడకుండా ఎవరికీ అక్కర్లేని ఒక వస్తువు పేరు పెట్టారు. ఆ వస్తువును కూడా నేను ఏనాడూ పేరుపెట్టి అనలేదు. కోళ్ళకు కావలసి వచ్చినప్పుడు కొట్లో వేలు చూపించి 'ఆ పొడి' అనేదాన్ని. ఆయన్ను 'ఇదిగో' అని పిలిచేదాన్ని, పిల్లలు పుట్టాక ఫలానావాళ్ళ నాయన, మనవరాళ్ళు వచ్చాక చంద్ర వాళ్ళ తాత. ఎక్కడైనా పేరు చెప్పవలసి వస్తే పక్కన ఎవరో ఒకరు ఉండేవారు, నేను మోచేత్తో పొడిస్తే వాళ్ళు చెప్పేవారు.

ఇదంతా ఉట్టి అలవాటు అనుకోకండి, అది భయం. మా తోడికోడలు ఒకసారి పంతానికి మొగుడి పేరు నలుగురిలో పలికింది, ఆ వానకాలంలోనే మా మరిది ఏట్లో పడి పోయాడు. ఏరు పొంగి పోయాడని ఒక్కరూ అనలేదు, పెళ్ళాం నోటివల్ల పోయాడని ఊరంతా అన్నారు, ఆవిడ బతికినంతకాలం అన్నారు. నేను ఆ మాటలు వింటూ కాపురం చేసినదాన్ని.

ఆ ఏడు ఈ పట్నం ఎలా ఉండేదో మీకు చెప్పనక్కర్లేదు, మీరందరూ ఉన్నారు. ఫిబ్రవరిలో సిపాయిలు గద్దె ఎక్కినప్పటినుంచి వీధుల్లో జనం, గిన్నెల మోత, తర్వాత తుపాకుల మోత, బ్యాంకుల ముందు బారులు. దానిమీద జూలైలో కరోనా జబ్బు. మాలాంటివాళ్ళకు, అంటే ఊళ్ళనుంచి వచ్చి అద్దెకుంటున్నవాళ్ళకు, అంతకుముందు ఏడాది మొదటి జబ్బుకాలంలోనే పట్నం ఖర్చుతో ఒక కార్డు ఇచ్చి ఉన్నారు. నెలనెలా అందులో కొంత సొమ్ము పడుతుంది, చెప్పిన కొట్లో గీకితే దానికి తిండి సామాను ఇస్తారు, చేతికి డబ్బు ఇవ్వరు. తిరుగుబాటు మొదలయ్యాక, అది సిపాయిల సర్కారు సొమ్ము కదా, ఆ కార్డు వాడాలా వద్దా అని మా సందులో పెద్ద తగవు. వాడేవాళ్ళను వెక్కిరించినవాళ్ళున్నారు, వెక్కిరించి సందు చివరనుంచి తిరిగి వెళ్ళి వాడుకున్నవాళ్ళూ ఉన్నారు. నేను ఎవరినీ తప్పు పట్టను, ఆకలిగొన్న పిల్లలు ఉన్న ఇంట్లో ఆ తగవు సాగదు.

కార్డుమీద అంకెలే ఉంటాయి, పేరు ఉండదు. పేరు ఆఫీసులో ఉంటుంది, మాది మా ఆయన పేరున ఉంది. మొదట్లో యంత్రంమీద గీకితే చాలు. తర్వాత సిపాయిలు ఇంటర్నెట్టు లైన్లు కోసేయడం మొదలుపెట్టాక యంత్రం ఒకరోజు పనిచేస్తే మూడురోజులు పనిచేసేది కాదు. కార్డులు దొంగతనం కూడా అవుతున్నాయని, కొట్లో తీగ ఫోను పెట్టి, కార్డు తెచ్చినవాళ్ళే ఆ ఫోనులో ఆఫీసుతో ఎవరి పేరున ఉందో నోటితో చెప్పాలని పద్ధతి పెట్టారు. కార్డువాళ్ళకు గురువారం ఒక్కరోజే. నాకు బాధ లేదు, చంద్రను వెంట తీసుకెళ్ళేదాన్ని, అది వాళ్ళ తాత పేరు గలగలా చెప్పేసేది. జూలైలో ఇంటికి ఒక్కరే, అదీ పెద్దవాళ్ళే, బయటికి రావాలన్న ఉత్తరువు వచ్చింది చూడండి, అక్కడ పడింది నాకు ముడి!

ఎనిమిదో తేదీన వెళ్ళిన మా ఆయన ఆ సాయంత్రం రాలేదు. మధ్యాహ్నం ఫెర్రీ ఆపేశారన్నారు. మా సందులో మూడో అంతస్తులో ఉండే ఎస్తేరమ్మగారు, పబేడాన్ పేటలో ఇడ్లీలు అమ్ముకునే మన సంఘపు సహోదరి, ఆవిడ ఫోనుకు పదో తేదీ శనివారం ఆయన ఫోను చేశారు. ఆవిడ పరుగున దిగివచ్చి నా చెవి దగ్గర పెట్టింది.

"ఏటే, బియ్యమున్నాయా?" అన్నారు.

"బియ్యం సంగతి తరవాత. మీకేటైంది?"

"నాకేటీ నేదు. ఒల్లు ఎచ్చబడింది. ఈల్లట్టుకొచ్చి బడి గదిలో ఎట్టేసినారు. ముప్పైమందిమున్నాం, ఒకడి గురకకి ఇంకొకడు నిద్దరోడు."

"మందిస్తన్నారా?"

"నిమ్మకాయ నీల్లిస్తన్నారు. నువ్వు గురారం మర్సిపోకు, పిల్లలకి బియ్యం తే."

లైను పోయింది. ఆయన నాతో ఆడిన ఆఖరి మాటలు అవే.

సోమవారం ఎస్తేరమ్మగారి అల్లుడికి జ్వరం వచ్చి, వాళ్ళ మెట్లకు అడ్డంగా ఎర్రపట్టీ కట్టేశారు, ఎవరూ దిగకూడదు, ఎవరూ ఎక్కకూడదు. పదిహేనో తేదీ గురువారం నేను ఒక్కదాన్నే కొట్టుకు వెళ్ళాను. చంద్ర చేత బర్మా అక్షరాల్లో తాత పేరు రాయించి చీటీ పట్టుకెళ్ళాను, ఉపాయం పన్నాననుకున్నాను. బల్ల దగ్గర ఉండే మ తీడా, మా అమ్మాయి వయసుది, చీటీ చూసి వెనక్కి ఇచ్చేసింది. బర్మావాళ్ళు అవ్వను అఫ్వా అంటారు, ఆడపిల్ల పేరుకు ముందు మ అని చేరుస్తారు.

"చీటీలు పనికిరావు అఫ్వా. దొంగకార్డులు తెచ్చేవాళ్ళందరూ చీటీలే తెస్తున్నారు. ఫోనులో మీరే చెప్పాలి. ఎవరి పేరున ఉంది?"

"మా ఇంటాయన పేరున."

"ఇంటాయనకు పేరు ఉండదా?"

నా వెనక వరసలో ఒకడు, "మరీ ముసలాయనై ఉంటాడు, పేరు అరిగిపోయి ఉంటుంది" అన్నాడు. అందరూ నవ్వారు. ఇంకొకామె, "ఆ కార్డు ఎక్కడ దొరికిందో, పక్కకు జరగమనండి" అంది. నేను ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాను, అవతల గొంతు 'పేరు, పేరు' అంటోంది, నా నాలుక పైకి లేవలేదు. ఏటి అవతల జ్వరంతో పడుకుని ఉన్న మనిషి పేరు నేను పలికి, ఆయనకు ఏమైనా అయితే! ఫోను పెట్టేసి ఖాళీ సంచితో వచ్చేశాను.

ఇళ్ళల్లో పైఅంతస్తులవాళ్ళు తాడు వేలాడదీసి సామాను పైకి లాక్కుంటారు కదా, ఎస్తేరమ్మగారు ఆ తాడుకు బుట్ట కట్టి పైనుంచి కిందికి దింపారు, అందులో గ్లాసుడు బియ్యం, రెండు ఆలుగడ్డలు. కిటికీలోనుంచి తల బయటపెట్టి అడిగారు.

"వదినా, మీ ఆయన కోసం పార్దన సేత్తన్నాను. పేరు సెప్పు."

"మా ఇంటాయన, మీకు తెల్దా?"

"అమ్మా, ఈ సందులో ఇంటాయనలు నలభైమందున్నారు! ఏ ఇంటాయన్ని ముట్టుకోమని అడగాలి పెబువుని?"

నేను తల వంచుకుంటే చంద్ర బయటికి వచ్చి పేరు చెప్పింది. ఎస్తేరమ్మగారు నవ్వి, దగ్గి, అప్పుడు ఒక మాట అన్నారు. "మా దేవుడు మనుసుల్ని పేరెట్టి పిలుస్తాడు వదినా. ఆయన పిలిస్తే ఆయుస్సు తరగదు, ఒస్తాది." ఆ మాట ఆ రోజు నాకు ఎక్కలేదు.

ఆ బుట్ట శుక్రవారం దిగింది, ఆదివారం దిగింది. సోమవారం దిగలేదు. వాళ్ళ ఇంట్లోనూ అయిపోయింది, పైగా ఆ ఉదయమే వాళ్ళ అల్లుడు పోయాడు. మా సందులో అప్పుకు సరుకు ఇచ్చే కొట్టు మూసేశారు. కాలవగట్టున తూటికూర కోసుకొచ్చి ఉప్పేసి ఉడికించి పెట్టాను, మంగళవారం అదే, బుధవారం అదే. మిమి మొదట 'అన్నం పెట్టు మామ్మా' అని ఏడ్చింది, తర్వాత సణిగింది, బుధవారం సాయంత్రానికి అడగడం మానేసింది. సహోదరులారా, పిల్ల అడిగినంతసేపూ నేను ఓర్చుకున్నాను, అడగడం మానేసేసరికి ఓర్చుకోలేకపోయాను!

జూలై ఇరవై రెండు, గురువారం. తొమ్మిదిన్నరకు బయలుదేరాను. వీధి చివర సిపాయిల బండి, కొట్లన్నీ మూత, వాన పడి వెలిసింది. ఒక పక్కన ఆయన ప్రాణం, ఒక పక్కన పిల్లల ప్రాణం, నడుమ నా నోరు, ఇలా పెట్టావేమిటి అని ఎవరిని అడగాలో తెలియలేదు. మా ఇంటి దేవతలందరూ నా భయానికి తోడున్నవాళ్ళే తప్ప, ఆ భయాన్ని తియ్యమని అడగదగినవాళ్ళు ఒక్కరూ కనబడలేదు. అప్పుడు నడుస్తూనే నా జీవితంలో మొదటి ప్రార్థన చేశాను, మాటలు ఇవే: "ఎస్తేరమ్మగారి ప్రభువా, నిన్ను ఏమని పిలవాలో నాకు తెలియదు, ఆయన్ను పిలవడానికి నాకు ధైర్యం లేదు. నువ్వు పేరుపెట్టి పిలిచేవాడివట. నేను పలికితే పోతుందనుకున్న ప్రాణాన్ని నీ చేతిలో పెడుతున్నాను, పట్టుకో. నేను పిల్లలకు అన్నం పెట్టాలి."

పది గంటల ఇరవై నిమిషాలు, కొట్టు గోడ గడియారంలో. మ తీడా నన్ను గుర్తుపట్టి ఫోను నా చేతిలో పెట్టింది. అవతల గొంతు, "పేరు?"

"తవుడు" అన్నాను.

"వినబడటం లేదు. ఎవరు?"

"తవుడు! గొర్లె తవుడు!"

"లైను బాగాలేదు, గట్టిగా చెప్పండి!"

నలభై ఆరేళ్ళు అదిమిపెట్టినది ఒక్కసారిగా వచ్చింది, కొట్టంతా తిరిగి చూసేలా అరిచాను. "గొర్లె తవుడు! నా మొగుడు, గొర్లె తవుడు!"

"సరే, ఉంది" అంది ఆ గొంతు, ఉప్పు ధర చెప్పినంత మామూలుగా.

బియ్యం, పప్పు, నూనె, ఉల్లిపాయలు, గుడ్లు ఇచ్చారు. మ తీడా సంచి ముడి వేస్తూ, "ఇంత చిన్న పేరుకు ఇంత కష్టమా అఫ్వా?" అంది. మధ్యాహ్నం పన్నెండు కాకముందే మిమి నోట్లో అన్నం పెట్టాను. మొదటి ముద్ద మింగలేకపోయింది, రెండోది మింగింది, మూడోదానికి నా చెయ్యి పట్టుకుంది. దేవునికే మహిమ! ఇక్కడితో ఆపేస్తే ఇది చాలామంచి సాక్ష్యం. కానీ జరిగినది ఇక్కడితో ఆగలేదు.

శనివారం లైను వచ్చింది, ఎస్తేరమ్మగారి ఫోనుకు కబురు వచ్చింది. మా ఆయన పోయారు. ఎప్పుడు? గురువారం, ఇరవై రెండో తేదీ, రాత్రి ఏడూ నలభై ఐదుకు. ఆ రాత్రే మిగతావాళ్ళతో కలిపి దహనం చేసేశారు.

ఆవిడ పట్టీ అవతలనుంచే తన ఫోనును ఆ బుట్టలో పెట్టి దింపారు, ఊళ్ళో ఉన్న మా ఆడపడుచుకు నేనే చెప్పాలి కదా. ఆవిడ ఏడ్చింది, ఏడ్చి, ఏడుపు మధ్యలో ఆగి అడిగింది.

"కార్డుకి పేరు సెప్పాలన్నారు కదొదినా, ఎవుల్లు సెప్పినారు?"

"నేనే సెప్పేను."

"ఏ దినం?"

"గురారం."

"ఏ యేల?"

"పొద్దున్న పదీ ఇరవై."

"మా అన్నెప్పుడు పోయినాడు?"

"గురారం రేత్రి."

"మరింకేటి సెప్పాల!" అని పెట్టేసింది.

సందులో తెలిసిపోయింది. మాపక్క తెలుగువాళ్ళు, అందరూ మంచివాళ్ళే, కష్టంలో గంజి ఇచ్చినవాళ్ళే, వాళ్ళే గడపలో నిలబడి, 'పొద్దున్న నోరిప్పింది, రేత్రికి మింగేసింది' అన్నారు. ఒక పిల్ల జాలిపడి నా చెవిలో, "శుక్రారం పలికేనని సెప్పీ పిన్నీ, ఎవుడు సూసొచ్చాడు?" అంది. నేను చూశాను కదమ్మా అన్నాను. తేదీ మార్చడం నావల్ల కాదు. లెక్క నాకు ఎదురుగా నిలబడి ఉంది, ఆ లెక్కను నేను దాటలేకపోయాను.

ఇది నా అసలు చీకటి, సహోదరులారా. ఆకలి నాలుగురోజులే, ఇది దానికంటే పొడుగు. ఆ సంచిలో బియ్యం పిల్లలకు వండి పెట్టాను, నేను ఒక్క మెతుకు ముట్టలేదు, అవి ఆయన ప్రాణం పెట్టి కొన్న బియ్యం అనిపించేది. చంద్ర నా నోటికి గంజి పట్టించేది. ఏడుపు రాలేదు. ఎవరైనా పలకరిస్తే జవాబు చెప్పేదాన్ని కాదు, ఈ నోరు ఇక తెరిస్తే ఎవరికి ఏమవుతుందో అని! ఎస్తేరమ్మగారి పట్టీ తీసేశాక, తన కూతురి దుఃఖం ఒక పక్కన ఉండగానే ఆవిడ వచ్చి నా పక్కన కూర్చునేవారు, బోధ చెయ్యలేదు, ఊరికే కూర్చునేవారు. ఒకరోజు ఆవిడ కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుంటే నేను మధ్యలో అడ్డొచ్చాను. "ప్రభువా, నీ చేతిలో పెట్టాను కదా! పట్టుకోమన్నాను కదా! పొద్దున పెడితే సాయంత్రానికి లేదు. ఇదేనా నువ్వు పట్టుకోవడం?" అని గట్టిగా అడిగాను. ఎస్తేరమ్మగారు నన్ను ఆపుతారనుకున్నాను. "అడుగొదినా, గట్టిగానే అడుగు" అన్నారు. అన్నాళ్ళలో అది నేను ఆడిన మొదటి పెద్ద మాట.

ఆగస్టు పదిహేడు, మంగళవారం, మధ్యాహ్నం మూడు దాటాక గంగులు అనే మనిషి మా గడపలోకి వచ్చాడు. దలాలో చేపలు పట్టుకునే తెలుగువాడు, బడి గదిలో మా ఆయన పక్క చాపమీద పడుకున్నవాడు, బతికి బయటపడి పడవమీద ఏరు దాటి మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చాడు.

"అత్తా, తవుడు మావ నీమీద ఒక పిరియాదు సెప్పి ఎల్లిపోయినాడు" అన్నాడు, నవ్వబోయి నవ్వలేక.

"ఏటి?" అన్నాను.

"గంజి తాగి గోడకి జారబడినాడు. 'ఒరే గంగులూ, నలభయ్యారేల్లు నాకు కూడొండింది, నా సట్టలుతికింది, ఒక్కపాలి పేరెట్టి పిలవనేదురా. ఇదిగో, ఇదిగో అంతాది. ఆ ఇదిగోకి నాకంటే ముందు ఈదిలో కుక్క తిరిగి సూస్తాది' అన్నాడు. నవ్వితే దగ్గొచ్చింది. దగ్గు తగ్గినాక, 'దాని నోట ఎలాగుంటాదో ఒక్కపాలి ఇనాలనుందిరా, మా యమ్మ బయం పెట్టి సంపేసింది దాన్ని' అన్నాడు."

"ఏ రోజన్నాడు?"

"రోజులెవుడికి తెలుసత్తా ఆ గదిలో?"

"గుర్తు సేసుకో గంగులూ. నాకు రోజు కావాల."

వాడు వేళ్ళమీద లెక్కపెట్టి చూసుకున్నాడు. "పోయిన రోజే. ఆ రేత్రే పోయినాడు. గంజి తొమ్మిదిన్నర దాటినాకే ఒచ్చేది. తాగినాక అన్నాడు. పదవుతాది, ఇంకా ఎక్కువవుతాది."

వాడికి మంచినీళ్ళు ఇచ్చి, గోడవార కూర్చుని లెక్క వేసుకున్నాను. పది, పదీ ఇరవై. ఆయన ఆ ఒడ్డున ఏది వినాలని కోరుకున్నారో అదే నేను ఈ ఒడ్డున కొట్లో జనమధ్యంలో మూడుసార్లు అరుస్తున్నాను! సహోదరులారా, ఆయనకు వినబడిందని నేను చెప్పను. ఆ ఏరు వెడల్పు నాకు తెలుసు. దర్శనమని చెప్పను, అద్భుతమని పేరు పెట్టను. ఇన్నాళ్ళూ నా మెడకు ఉరిగా బిగిసి ఉన్నది ఆ గురువారమే. ఆ గురువారాన్నే ప్రభువు నా చేతిలో తిప్పి పెట్టాడు, తేదీ మారలేదు, గంట మారలేదు. నేను ఆయన్ను చంపిన మాట అనుకున్నది, ఆయన ఆఖరుగా ఆశపడిన మాట. అది పలకకుండా నేను ఇంటికి వచ్చేసి ఉంటే, పిల్లలు ఆకలితోనే ఉండేవారు, ఆయన ఆ రాత్రి ఎలాగూ పోయి ఉండేవారు, గంగులు వచ్చి ఈ మాట చెప్పిననాడు నేను ఏమైపోయి ఉండేదాన్ని! నా మూర్ఖపు భయానికి అడ్డంపడి, ఆకలిచేత తోయించి, సరిగ్గా ఆ పూట నా నోరు తెరిపించినవాడు ఆ ప్రభువే. నేను ప్రాణాన్ని పట్టుకోమన్నాను, ఆయన దాన్ని తన దగ్గరికి తీసుకున్నాడు, నన్ను మాత్రం ఇక్కడ పట్టుకున్నాడు.

అప్పుడు ఏడుపు వచ్చింది. గంగులు ముందే, పిల్లల ముందే, 'తవుడూ, ఓ తవుడూ' అని పేరుపెట్టి ఏడ్చాను. మిమి బెదిరిపోయి, "తవుడెవరు మామ్మా?" అని అడిగితే, చంద్ర దాని నెత్తిన ఒకటి మొట్టి, "తాతే పిచ్చిదానా" అంది. ఆ సాయంత్రం నేను అన్నం తిన్నాను.

మరునాడు మా ఆడపడుచుకు ఫోను చేసి గంగులు చెప్పినది చెప్పాను, రోజు దాచలేదు, వేళ దాచలేదు. "మా అన్న అలాగన్నాడా" అని ఒక్కమాట అంది. ఆవిడ ఈనాటికీ నమ్మలేదు, నా గడప తొక్కలేదు. ఆవిడ కోసం ప్రార్థన చెయ్యండి, పేరు సీతాలమ్మ.

2022 ఏప్రిల్ పదిహేడు, ఈస్టరు ఆదివారం, ఈ సంఘంలోనే నేను బాప్తిస్మం పొందాను. నా భయాలన్నీ ఒక్కరోజులో పోయాయని అబద్ధం చెప్పను. ఇప్పటికీ ఆయన పేరు అనేముందు నా నాలుక ఒక క్షణం ఆగుతుంది. ఆగి, అంటుంది. చంద్రకు చెప్పాను, నీకు పెళ్ళైతే నీ మొగుణ్ణి పేరుపెట్టే పిలువు, ఎవరేమన్నా నా పేరు చెప్పు అని. నన్ను విడిపించిన దేవుని కృపను ఎంతని చెప్పను! స్తోత్రం, స్తోత్రం!

అమ్మలారా, అయ్యలారా, ఈ వరసల్లో మీలో ఎవరైనా ఒక మాట అంటే ఒక ప్రాణం పోతుందని, ఒక పని చేస్తే ఇంటికి కీడని, ఎవరో పెద్దవాళ్ళు గుండెలో పాతిన భయంతో బతుకుతూ ఉంటే, లేదా అన్నారే, చేశారే, అందువల్లే పోయారే అని లోపల్లోపల కుమిలిపోతూ ఉంటే, ఆ భయాన్ని ఉన్నదున్నట్టుగా ప్రభువు ముందు పెట్టండి. కోపం వస్తే కోపంగానే అడగండి, ఆయన చెవులు మూసుకోడు. నాలాంటి మొండి ముసలిదాని మొరే విన్నవాడు మీ మొర వినడా? నమ్మండి, ఒక్క అడుగు వెయ్యండి.

పోయినవి కూడా చెప్పి కూర్చుంటాను, పొందినవి చెప్పి పోయినవి దాస్తే అది సగం సాక్ష్యమే అవుతుంది. ఆయన పనిముట్ల పెట్టె దలాలో ఉండిపోయింది, దొరకలేదు. నా చెవికమ్మలు అద్దెకింద పోయాయి, అయినా ఆగస్టు నెలాఖరుకు ఆ గది పోయింది. కార్డులో అక్టోబరునుంచి సొమ్ము పడలేదు. చంద్రకు రెండేళ్ళ చదువు పోయింది. మా సందులో ఆ జూలై నెలలో ఏడుగురు పోయారు, అందులో ఒకరు ఎస్తేరమ్మగారి అల్లుడు, ముప్పై ఒక్క ఏళ్ళు. అస్థికలు మాకు ఇవ్వలేదు. గొర్లె తవుడు, అరవై ఎనిమిదేళ్ళు.